నగోయాలో నాకౌట్ రాలేదని ఇనోవే పని అయిపోయినట్టేనా?

గోదారి_గట్టు | 15 సెప్టెంబర్ 2025, ఉదయం 7:40

నిన్న సాయంత్రం మా తమ్ముడు "జపాన్‌లో నవోయా ఇనోవే అని ఒక బాక్సర్ ఉన్నాడు అన్నా, ఎదుటోణ్ణి రెండు రౌండ్లలో పడుకోబెడతాడు, చూడు" అని టీవీ ముందు కూర్చోబెట్టాడు. పన్నెండు రౌండ్లూ చూశా. ఎవరూ పడుకోలేదు. ఒకటి కొట్టడం, పక్కకు జరగడం, మళ్లీ ఒకటి కొట్టడం, మళ్లీ జరగడం. ఇదే తంతు. చివర్లో జడ్జీలు 118-110, 118-110, 117-111 అన్నారు. గెలిచాడు, సరే. కానీ అందరూ మాన్‌స్టర్ అని ముద్దుపేరు పెట్టుకున్నది ఇతన్నేనా?

పైగా ఏడాదిన్నరలో రెండుసార్లు కింద పడ్డాడని తమ్ముడే చెప్పాడు. వయసు 32. తెలిసినవాళ్లు మొదట్నుంచి చెప్పండి. వికీపీడియా చూడమనకండి, చూశా. ఆ బెల్టుల పేర్లకే తల తిరిగింది.

నైట్_షిఫ్ట్ | ఉదయం 7:58

చెప్పడానికేముంది బ్రో. చిన్న చిన్న బరువుల్లో చిన్న చిన్నవాళ్లను కొట్టి పేరు తెచ్చుకున్నాడు. ఇప్పుడు కాస్త గట్టివాడు తగిలేసరికి పరుగు. గంట టైమ్ వేస్ట్.

లెక్కల_మాస్టారు | ఉదయం 8:35

నైట్ షిఫ్ట్ దిగి నిద్రమత్తులో రాసినట్టున్నారు, వదిలేద్దాం.

గోదారి గారూ, ముందు ఒక్క లెక్క. నిన్నటితో 31 ఫైట్లు, 31 గెలుపులు, అందులో 27 నాకౌట్లు. అంటే చివరి గంట దాకా నిలబడ్డవాళ్లు పదమూడేళ్లలో నలుగురే. 2013లో తగుచి, 2016లో కార్మోనా, 2019లో డోనేర్, నిన్న ఉజ్బెకిస్తాన్‌వాడు అఖ్మదలియెవ్. మీరు మొదటిసారి చూసిన ఫైటే ఆ నాలుగింట్లో ఒకటి కావడం మీ అదృష్టమో దురదృష్టమో నాకు తెలీదు.

ఇక మొదట్నుంచి. పుట్టింది 1993 ఏప్రిల్ 10న, కనగావా ప్రిఫెక్చర్‌లోని జమా అనే ఊళ్లో. తండ్రి షింగో ఇళ్లకు పెయింటింగ్ కాంట్రాక్టులు చేసుకునే మనిషి, అమెచ్యూర్‌గా బాక్సింగ్ చేసేవాడు. నాన్న సాధన చేస్తుంటే చూసి ఆరేళ్లకే నేనూ చేస్తానన్నాడట. ఇప్పటికీ కార్నర్‌లో ట్రైనర్ ఆ తండ్రే. తమ్ముడు తకుమా కూడా బాక్సరే, బాంటమ్ వెయిట్‌లో (53.5 కేజీలు) ప్రపంచ బెల్టు గెలిచాడు, నిరుడు అక్టోబర్‌లో పోగొట్టుకున్నాడు.

అమెచ్యూర్‌గా 81 ఫైట్లలో 75 గెలిచాడు. లండన్ ఒలింపిక్స్‌కి వెళ్లాల్సినవాడు. 2012లో అస్తానాలో ఆసియా క్వాలిఫైయర్ ఫైనల్‌లో కజకిస్తాన్ బాక్సర్ జకిపొవ్ చేతిలో ఓడి ఆగిపోయాడు. అదే ఏడాది అక్టోబర్‌లో ప్రొఫెషనల్ అయ్యాడు.

యోకోహామాలో ఓహాషి జిమ్‌లో చేరేటప్పుడు ఒక షరతు పెట్టుకున్నారు: బలహీనమైన ప్రత్యర్థులతో ఆడించకూడదు. జిమ్ యజమాని హిదెయుకి ఓహాషి కూడా మాజీ ప్రపంచ ఛాంపియనే కాబట్టి సరే అన్నాడు. మామూలుగా కొత్త కుర్రాడికి మొదటి పది పదిహేను ఫైట్లు సులువువే ఇస్తారు, రికార్డు పెంచడానికి. ఇతను నాలుగో ఫైట్‌కే జపాన్ ఛాంపియన్, ఆరో ఫైట్‌కి ప్రపంచ ఛాంపియన్. 2014 ఏప్రిల్‌లో మెక్సికోకి చెందిన అడ్రియన్ హెర్నాండెజ్‌ని ఆరో రౌండ్‌లో ఆపేశాడు. అప్పటికి జపాన్‌లో అదే రికార్డు.

క్లాసుకి టైమైంది. మధ్యాహ్నం మిగతాది.

నైట్_షిఫ్ట్ | ఉదయం 8:41

"చిన్నవాళ్లు" అన్నాను కదా, అది కాదనలేదు మాస్టారు 🙂 హెర్నాండెజ్ ఫైట్ ఎన్ని కేజీలు?

లెక్కల_మాస్టారు | ఉదయం 8:43

49. ఇప్పుడాడేది 55.3. గంట కొట్టేశారు, వెళ్తున్నా.

డొక్కలో_గుద్దు | ఉదయం 9:20

ఆ 49 కేజీల సంగతి నేను చెప్తా, ఎందుకంటే అది తెలియకపోతే తర్వాతి కథ అర్థం కాదు. హెర్నాండెజ్ ఫైట్ మధ్యలో ఇనోవే తొడ పట్టేసింది. బరువు దించడానికి ఒంట్లో నీళ్లన్నీ పిండేస్తే అంతే అవుతుంది. కాలు కదలదని అర్థమై, ఇక ఆగితే లాభం లేదని మీదపడి ముగించేశాడు. ఆ తర్వాత ఫ్లై వెయిట్‌ని (50.8 కేజీలు) పూర్తిగా దాటేసి రెండు మెట్లు ఒకేసారి ఎక్కి, ఆ డిసెంబర్ 30న సూపర్ ఫ్లైలో (52.2 కేజీలు) ఒమర్ నర్వాయెజ్ మీదకెళ్లాడు. అర్జెంటీనావాడు, ఎడమచేతి వాటం, కెరీర్ మొత్తంలో ఒక్కసారి కూడా కింద పడనివాడు.

రెండు రౌండ్లలో నాలుగుసార్లు పడ్డాడు. ఫైట్ అయ్యాక నర్వాయెజ్ శిబిరం వాళ్లు వచ్చి గ్లవ్స్‌లో ఏం పెట్టారో చూపించమన్నారు. విప్పి చూపించారు. లోపల చెయ్యి తప్ప ఏమీ లేదు. ఆ చెయ్యి కూడా ఆ ఫైట్‌లోనే దెబ్బతిని, ఆపరేషన్ చేయించుకుని ఏడాది రింగు ఎక్కలేదు.

నా యూజర్ నేమ్ ఎందుకు పెట్టుకున్నానో కూడా ఇక్కడే చెప్పాలి. నర్వాయెజ్‌ని చివరిసారి పడేసింది డొక్కలో ఎడమచేతి హుక్, అంటే పక్కనుంచి తిప్పి కొట్టే గుద్దు. కుడివైపు పక్కటెముకల చివర లివర్ ఉంటుంది. వైజాగ్‌లో కాలేజీ రోజుల్లో రెండేళ్లు బాక్సింగ్ చేశా. ఒకసారి నాకంటే ఆరు కేజీలు తక్కువున్న కుర్రాడు స్పారింగ్‌లో (సాధన ఫైట్‌లో) అక్కడే ఒకటి ఇచ్చాడు. మొదట ఏమీ అనిపించలేదు. "ఇంతేనా" అని ఒక అడుగు కూడా వేశా. తర్వాత ఒక సెకను ఆలస్యంగా, ఎవరో లోపల స్విచ్ ఆపేసినట్టు మోకాళ్లు వంగిపోయాయి. తల శుభ్రంగా పనిచేస్తోంది, కోచ్ తిడుతున్నవన్నీ వినపడుతున్నాయి, లేవాలనీ ఉంది. ఊపిరే రావట్లేదు. దవడ మీద తగిలితే మనకేం తెలీదు, పడిపోతాం. డొక్కలో తగిలితే అన్నీ తెలుస్తూ పడిపోతాం. రెండోదే ఘోరం.

ఎడమచేతి వాటం వాళ్లకు కుడివైపు ముందుకుంటుంది, అంటే లివర్ దగ్గరికొచ్చి నిలబడినట్టే. 2021లో లాస్ వేగాస్‌లో దస్మరినాస్ అనే ఫిలిప్పీన్స్ బాక్సర్‌ని చూడండి. అతనూ ఎడమచేతి వాటమే. మూడు రౌండ్లలో అయిపోయింది, మొత్తం డొక్కలోనే.

ఇందూరు_పోరడు | ఉదయం 10:05

డొక్క అన్నా, మీ పోస్టు చదువుతుంటే నా డొక్క పట్టుకుంది.

ఒక మాట. మా నిజామాబాద్ నుంచి నిఖత్ జరీన్, హుసాముద్దీన్ వచ్చారు కాబట్టి మాకు బాక్సింగ్ అంటే అమెచ్యూరే. మూడు రౌండ్లు, మూడేసి నిమిషాలు, పాయింట్లు. నిఖత్ 2022, 2023లో వరుసగా ప్రపంచ ఛాంపియన్, మొన్న లివర్‌పూల్ ప్రపంచ పోటీల్లో క్వార్టర్స్‌లో ఓడింది. బాధే, కానీ అక్కడే జాస్మిన్, మీనాక్షి స్వర్ణాలు తెచ్చారు. మీనాక్షిది నిన్ననే, ఇనోవే ఫైట్ రోజే.

అందుకే నాకు నిన్నటి ఇనోవే నచ్చాడు. జాబ్ (ముందున్న చేత్తో నేరుగా వేసే గుద్దు) వేసి, కోణం మార్చి, అవతలివాడు కొట్టేలోపు అక్కడ లేకుండా పోయాడు. అఖ్మదలియెవ్ రియో ఒలింపిక్స్ కాంస్య పతక విజేత. అట్లాంటి మనిషిని పన్నెండు రౌండ్లు గాలిలో కొట్టించడం పరుగెత్తడం కాదు. గోదారి అన్నా, ఫైట్ మళ్లీ పెట్టుకుని ఈసారి చేతులు చూడకండి, కాళ్లు చూడండి.

నైట్_షిఫ్ట్ | ఉదయం 10:22

సరే, సీరియస్‌గా అడుగుతా. సూపర్ ఫ్లైలో ఏడుసార్లు బెల్టు నిలబెట్టుకున్నాడు. అదే సమయంలో ఆ బరువులో రోమన్ గొంజాలెజ్, శ్రీసాకెట్, ఎస్ట్రాడా లాంటి పెద్ద పేర్లున్నాయి. ఒక్కడితో ఆడాడా? 2017 సెప్టెంబర్‌లో కాలిఫోర్నియాలో శ్రీసాకెట్, గొంజాలెజ్ రెండో ఫైట్ జరిగిన రాత్రే, అదే రింగులో, వాళ్లకంటే ముందు ఇతను నీవెస్ అనేవాడితో ఆడాడు. అంత దగ్గర్లో ఉండి కూడా!

లెక్కల_మాస్టారు | మధ్యాహ్నం 1:10

మంచి ప్రశ్న. నిద్రపోయి లేచినట్టున్నారు.

ఆడలేదు. అది లోటే, ఒప్పుకుంటా. 2015 నుంచి 2017 దాకా ఉన్న ఇనోవే నాకూ అంత ఇష్టం లేదు. పేరున్నవాళ్లు చేతికి చిక్కలేదు, చిక్కినవాళ్లు ఆనలేదు. అందుకే ఆ మూడేళ్లూ ఒక్క వాక్యంలో దాటేస్తున్నా.

అసలు కథ 2018లో బాంటమ్‌కి ఎక్కాక మొదలైంది. మే నెలలో మెక్‌డొనెల్, 112 సెకన్లు. అక్టోబర్‌లో మాజీ ఛాంపియన్ పయానో, 70 సెకన్లు. పయానో ఫైట్‌లో చాలాసేపు ఇద్దరూ కొలుచుకుంటూ ఉంటారు, ఒక జాబ్, దాని వెనకే ఒక కుడిచెయ్యి, అంతే. 2019 మేలో గ్లాస్గోలో ఇమ్మాన్యుయేల్ రోడ్రిగెజ్, అప్పటికి ఓటమి లేని ఛాంపియన్, రెండో రౌండ్‌లో మూడుసార్లు కింద పడ్డాడు.

ఆ నవంబర్ 7న సైతామాలో ఫిలిప్పీన్స్‌లో పుట్టిన దిగ్గజం డోనేర్‌తో. దీని గురించి రాస్తే నాకు చివరి పీరియడ్ పోతుంది. యోకోహామా పిన్నిగారు కనపడితే బాగుండు.

యోకోహామా_పిన్ని | మధ్యాహ్నం 2:30

పిలిచారు కదా, వచ్చాను. ఇక్కడ సాయంత్రం ఆరైంది, కుక్కర్ పొయ్యి మీద పెట్టి రాస్తున్నాను.

ముందు పేరు. ఇక్కడివాళ్లు ఇ-నో-ఉ-ఎ అని నాలుగు ముక్కలుగా పలుకుతారు. ఇంగ్లిష్ కామెంటేటర్లు "ఇనౌవే" అన్నప్పుడల్లా మా అబ్బాయి నొసలు కొట్టుకుంటాడు. మనం ఇనోవే అనుకుందాం, ఫర్వాలేదు.

డోనేర్ ఫైట్ టీవీలో చూశాను, అప్పటికి నాకు బాక్సింగ్ అంటే పడేది కాదు. డోనేర్‌కి దాదాపు 37 ఏళ్లు, అందరూ రెండు మూడు రౌండ్లే అనుకున్నారు. రెండో రౌండ్‌లో డోనేర్ ఎడమచేతి హుక్ తగిలి ఇనోవే కుడి కనురెప్ప చీలింది. కంటి చుట్టూ ఉండే ఎముక విరిగిందని తర్వాత తెలిసింది. ఎదుట డోనేర్‌లు ఇద్దరు కనిపిస్తున్నారట. కుడి గ్లవ్ కంటికి అడ్డం పెట్టుకుని, ఒక్క కంటితో చూస్తూ ఆడాడు. పిండి చేతులతో టీవీ ముందు నిలబడిపోయాను, నాకు బాగా గుర్తు. తొమ్మిదో రౌండ్‌లో కాళ్లు తడబడ్డాయి, డోనేర్‌ని పట్టుకుని నిలబడ్డాడు. పదకొండో రౌండ్‌లో ఎడమచెయ్యి డొక్కలో దిగింది, డొక్క గారు చెప్పినట్టే ఒక క్షణం ఆలస్యంగా. డోనేర్ వెనక్కి తిరిగి రింగులో నాలుగడుగులు వెళ్లి మోకాళ్ల మీద కూలాడు. రిఫరీ కౌంట్ నెమ్మదిగా సాగిందని ఇప్పటికీ వాదిస్తారు. లేచాడు, చివరిదాకా ఆడాడు.

నాకు అంతకంటే బాగా గుర్తున్నది ఫైట్ అయ్యాక జరిగింది. గెలిచినవాడికి మహమ్మద్ అలీ ట్రోఫీ ఇచ్చారు. దాన్ని తెస్తానని డోనేర్ తన కొడుకులకు మాటిచ్చి వచ్చాడు. ఓడిపోయాక, కళ్లనీళ్లతో, ఒక్క రాత్రికి ఇవ్వమని ఇనోవేని అడిగాడు. ఇచ్చాడు. పిల్లలకు చూపించి, ఇది నాది కాదు, నేను ఓడిపోయాను అని చెప్పుకున్నాడు.

2022 జూన్‌లో మళ్లీ ఆడారు. ఈసారి రెండు రౌండ్లే. ఆ వారమే 'రింగ్' అనే బాక్సింగ్ పత్రిక ఇనోవేని బరువులతో పనిలేకుండా ప్రపంచంలోనే మొదటి స్థానంలో పెట్టింది. జపాన్‌వాడికి ఆ చోటు దక్కడం అదే మొదలు.

విజిల్ వచ్చింది, మళ్లీ వస్తాను.

గోదారి_గట్టు | మధ్యాహ్నం 2:52

పిన్నిగారూ, ఆ ట్రోఫీ సంగతి మా తమ్ముడికి చదివి వినిపించా. వాడికీ తెలీదట. ఇన్నాళ్లూ నాకు నాకౌట్ క్లిప్పులు మాత్రమే పంపిస్తున్నాడు వెధవ.

కింద పడ్డ సంగతి ఇంకా ఎవరూ చెప్పలేదు.

కొత్త_సభ్యుడు_88 | మధ్యాహ్నం 3:04

ఫుల్ ఫైట్లు ఫ్రీగా చూసే లింక్ ఉంటే ఎవరైనా ఇవ్వండి ప్లీజ్

మోడరేటర్ | మధ్యాహ్నం 3:06

దొంగ లింకులు అడగడం, ఇవ్వడం రెండూ కుదరవు. చర్చ బాగుంది, కొనసాగించండి.

లెక్కల_మాస్టారు | సాయంత్రం 4:45

పిన్నిగారు వచ్చేలోపు మధ్యలోది పూర్తి చేస్తా. ప్రతి బరువులో నాలుగు సంస్థలు నాలుగు ప్రపంచ బెల్టులిస్తాయి. 2022 డిసెంబర్‌లో పాల్ బట్లర్ మీద బాంటమ్‌లో నాలుగో బెల్టు. బట్లర్ ముఖానికి చేతులు అడ్డం పెట్టుకున్న గార్డ్‌లోంచి బయటికే రాడు. విసుగొచ్చి ఇనోవే రెండు చేతులూ వెనక్కి కట్టుకుని గడ్డం ముందుకు పెట్టి "కొట్టు" అన్నట్టు నిలబడ్డాడు. అయినా కొట్టలేదు. పదకొండో రౌండ్‌లో ముగించాడు.

నాలుగు బెల్టులూ వదిలేసి పై బరువుకెళ్లాడు. 2023 జూలైలో అమెరికావాడు ఫుల్టన్, ఇతనికంటే పొడుగు, ఓటమి లేదు. ఏడు రౌండ్లు ఎడమ జాబ్ పొట్ట మీదకి వేస్తూనే ఉన్నాడు. ఫుల్టన్ చెయ్యి కిందకి దించడం అలవాటు చేసుకున్నాడు. ఎనిమిదో రౌండ్‌లో అదే జాబ్ పొట్టకి, వెంటనే కుడిచెయ్యి ముఖానికి, పడిపోతుంటే గాల్లోకి దూకినట్టు ఎడమ హుక్. నా దృష్టిలో ఇతని అత్యుత్తమ ఫైట్ ఇదే, డోనేర్‌ది కాదు. ఆ డిసెంబర్ 26న టపాలెస్‌ని పదో రౌండ్‌లో ఆపి ఇక్కడా నాలుగు బెల్టులూ పోగేశాడు. నాలుగు బెల్టుల కాలంలో రెండు బరువుల్లో ఇలా చేసిన మగవాళ్లలో ఇతను రెండోవాడు, మొదటివాడు అమెరికా బాక్సర్ క్రాఫర్డ్.

యోకోహామా_పిన్ని | సాయంత్రం 5:20

అన్నాలు అయ్యాయి. కింద పడ్డ కథ నేనే చెప్పాలి, ఎందుకంటే అక్కడ ఉన్నాను.

2024 మే 6, టోక్యో డోమ్. మావారి ఆఫీసులో ఒకాయన రాలేక టికెట్లు ఇచ్చేశారు. అక్కడ బాక్సింగ్ జరగడం 1990లో టైసన్ డగ్లస్ చేతిలో పడిన తర్వాత అదే మొదటిసారట. 43 వేల మంది. మా సీట్ల నుంచి రింగు అగ్గిపెట్టెంత, అందరూ పెద్ద తెరనే చూస్తున్నారు.

ప్రత్యర్థి లూయిస్ నెరి. ఇక్కడివాళ్లకి ఆ పేరు చెబితేనే మంట. 2017లో యమనకా అనే ఛాంపియన్ పన్నెండుసార్లు బెల్టు నిలబెట్టుకుని, ఇంకొక్కటి గెలిస్తే పాత ఛాంపియన్ గుషికెన్ పేరిట ఉన్న జపాన్ రికార్డు సమం అవుతుందన్న రోజున నెరి ఓడించాడు. ఆ తర్వాత నెరి డోపింగ్ పరీక్షలో దొరికాడు. 2018లో మళ్లీ ఆడినప్పుడు బరువు రెండు కేజీలకు పైగా ఎక్కువ వచ్చాడు, అయినా ఫైట్ జరిపారు, యమనకా రెండో రౌండ్‌లో ఓడి రిటైరయ్యాడు. నెరిని జపాన్‌లో నిషేధించారు. ఆ నిషేధం ఎత్తేసి మరీ ఈ ఫైట్ పెట్టారు. నా పక్కన అరవై దాటిన ఒక పెద్దాయన, మెడలో తువ్వాలు, ఒంటరిగా వచ్చాడు.

మొదటి రౌండ్‌లో దగ్గర దగ్గరగా కొట్టుకుంటుంటే నెరి ఎడమచెయ్యి తగిలి ఇనోవే తిరిగి పడ్డాడు. కెరీర్‌లో మొదటిసారి. 43 వేల మంది ఒక్కసారిగా చప్పుడు ఆపేస్తే ఎలా ఉంటుందో నేను చెప్పలేను. పక్కాయన తువ్వాలు కొస నోట్లో పెట్టుకుని కొరుకుతున్నాడు.

ఇనోవే వెంటనే లేవలేదు. మొదటిసారి పడ్డవాడు మామూలుగా సిగ్గుతో గబుక్కున లేచి మళ్లీ పడతాడు. ఇతను మోకాలి మీద కూర్చుని, ఎనిమిది దాకా లెక్క వింటూ తల తేలిక చేసుకుని అప్పుడు లేచాడు. పడితే ఏం చేయాలో ముందే ఊహించుకుని పెట్టుకున్నానని తర్వాత చెప్పాడు. రెండో రౌండ్‌లో నెరి పడ్డాడు, ఐదులో పడ్డాడు, ఆరులో ఇక లేవలేదు. పక్కాయన నాకు తెలియనే తెలియదు, లేచి మావారికి చేయి కలిపి, నాకు వంగి దణ్ణం పెట్టి, తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు.

డొక్కలో_గుద్దు | సాయంత్రం 5:41

పిన్నిగారూ 🙏

రెండోసారి పడింది ఈ మే నెల 4న, లాస్ వేగాస్‌లో కార్దెనాస్ మీద. రెండో రౌండ్, మళ్లీ ఎడమ హుక్కే. మళ్లీ అలాగే లేచి ఎనిమిదో రౌండ్‌లో ఆపాడు. ప్రపంచ టైటిల్ ఫైట్లలో అది 23వ నాకౌట్, పాతకాలపు హెవీవెయిట్ ఛాంపియన్ జో లూయిస్ 22ని దాటేశాడు. కానీ నైట్ షిఫ్ట్ బ్రో అంటున్న దాంట్లో ఒక నిజం ఉంది. ఎదుటివాణ్ణి లేపేయాలనే తొందరలో, హుక్ విసిరేటప్పుడు తన దవడ ఖాళీగా వదిలేస్తాడు. నెరి అదే చూశాడు, కార్దెనాస్ అదే చూశాడు. అఖ్మదలియెవ్ కూడా అదే చూసుకుని వచ్చుంటాడు.

నిన్న ఆ తలుపు తెరుచుకోలేదు. ఫైట్‌కి ముందే, పాయింట్లతో గెలిచినా ఫర్వాలేదన్నట్టు మాట్లాడాడు. 27 మందిని ఆపినవాడు 32 ఏళ్లప్పుడు నాకౌట్ ఆకలి చంపుకోవడం చిన్న పనా?

నైట్_షిఫ్ట్ | సాయంత్రం 6:15

ఫుల్టన్ ఫైట్ చూశా ఇప్పుడు. సరే, పరుగు అన్న మాట వెనక్కి తీసుకుంటున్నా. గొంజాలెజ్‌తో ఆడలేదన్న మాట తీసుకోను.

ఇందూరు_పోరడు | సాయంత్రం 6:30

ఇంకోటి కూడా ఉంది, ఎవరూ ఎత్తలేదు. గత నెల 2న టోక్యోలో కొరాకుయెన్ హాల్‌లో ఒకే రోజు ఆడిన ఇద్దరు బాక్సర్లు మెదడులో రక్తస్రావంతో చనిపోయారు. ఇద్దరికీ 28 ఏళ్లే. ఆ తర్వాత ఓరియంటల్ పసిఫిక్ టైటిల్ ఫైట్లను పన్నెండు రౌండ్ల నుంచి పదికి తగ్గించారు. అది జరిగి ఆరు వారాలే. నిన్న ఇనోవే పక్కకు జరిగిన ప్రతిసారీ నాకు మనసులో హమ్మయ్య అనిపించింది.

యోకోహామా_పిన్ని | సాయంత్రం 6:44

ఇక్కడ ఆ వారం అంతా వార్తల్లో అదే. మా అబ్బాయి బాక్సింగ్ క్లబ్‌లో చేరతానంటున్నాడు. వద్దనలేదు, సరే అనలేదు. టెన్షన్‌గానే ఉంది.

లెక్కల_మాస్టారు | రాత్రి 8:10

తర్వాతి ఫైట్ డిసెంబర్‌లో రియాద్‌లో. అంతా సవ్యంగా ఉంటే వచ్చే ఏడాది టోక్యో డోమ్‌లో జపాన్‌కే చెందిన జుంటో నకతానితో. ఈ మార్చిలో అవార్డుల వేదిక మీద ఇనోవేనే అతన్ని పిలిచాడు, ఏడాది తర్వాత డోమ్‌లో కలుద్దామని. నకతాని పొడుగు, ఎడమచేతి వాటం, ఓటమి లేదు. డొక్క గారూ, లివర్ దగ్గరికొచ్చి నిలబడతాడంటారా?

డొక్కలో_గుద్దు | రాత్రి 8:14

నిలబడతాడు. కానీ అంత పొడుగువాడి డొక్క దాకా వెళ్లాలంటే ముందు ఆ ఎడమచెయ్యి దాటాలి. టికెట్లు పిన్నిగారే చూడాలి.

గోదారి_గట్టు | రాత్రి 10:35

డోనేర్ మొదటి ఫైట్ ఇప్పుడే అయింది. మా నాన్న పక్కన కూర్చుని పేపర్ చదువుకుంటూ చూస్తున్నట్టు కనపడకుండా చూశారు. పదకొండో రౌండ్‌లో ఎడమచెయ్యి వెళ్లగానే, డోనేర్ ఇంకా నిలబడే ఉన్నాడు, నాన్న పేపర్ కిందపెట్టి "డొక్కలో తగిలిందిరా" అన్నారు. అప్పుడు పడ్డాడు.

రేపు ఫుల్టన్.